మాట వినిపిస్తోంది, బొమ్మ రావట్లేదు: ఎనిమిదేళ్ల టీవీని ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ. హన్మకొండలో మీ ఇంట్లో 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ ఉంది, కొని ఎనిమిదేళ్లయింది. కొన్నాళ్లుగా మాట వినిపిస్తోంది గానీ బొమ్మ రావట్లేదు. మెకానిక్ 4,500 అడిగాడు. మీ అన్న "ఇంకా దాని మీద డబ్బులెందుకు, యాప్‌లు కూడా సరిగా రావు, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తెద్దాం" అంటున్నారు. మీ బాపు మాత్రం "నాకు ఇదే మంచిగుంది" అని పట్టుబట్టారు. అటక మీద పాత డబ్బా టీవీ కూడా ఉంది, దాన్నేం చేయాలో తెలియట్లేదు అన్నారు.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అది బాగు చేయించదగ్గ టీవీయే. డబ్బులిచ్చే ముందు ఒక్క పని చేయండి. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేసి, టీవీ ఆన్ చేసి, మాట వినిపిస్తుండగా ఫోన్ టార్చ్‌ను స్క్రీన్‌కు బాగా దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పట్టుకోండి. వెలుగు పడిన చోట మనుషులు కదులుతున్నట్టు, అక్షరాలు ఉన్నట్టు మసగ్గా కనిపిస్తే ప్యానెల్ పని చేస్తున్నట్టే. పోయింది దాని వెనకున్న లైట్లు, లేదా వాటికి కరెంటు ఇచ్చే సర్క్యూట్. రెండూ బాగయ్యేవే.

ఎందుకంటే స్క్రీన్‌గా మనం చూసే ఆ ఎల్‌సీడీ ప్యానెల్‌కు సొంత వెలుగు ఉండదు. దాని వెనక సన్నటి పట్టీల మీద వరసగా చిన్న ఎల్ఈడీ బల్బులు ఉంటాయి. అవి సిరీస్‌లో, అంటే ఒకదాని గుండానే ఇంకోదానికి కరెంటు వెళ్లేలా ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా ఆ వరసంతా ఆరిపోతుంది. చాలా టీవీల్లో సర్క్యూట్ ఆ తేడాను పసిగట్టి మిగతా వరసలను కూడా ఆపేస్తుంది. టీవీ ఆన్ చేయగానే బొమ్మ ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంటే దాదాపు ఇదే కారణం.

కాజీపేటలో మా ఇంటి టీవీకి సరిగ్గా ఇదే అయింది. దాన్ని దుకాణానికి తీసుకెళ్లి, విప్పుతున్నంత సేపూ పక్కనే కూర్చున్నాను. మీరు కూడా వీలైతే అలాగే కూర్చోండి. మెకానిక్ ముందుగా టేబుల్ మీద ఉతికిన దుప్పటి పరిచాడు. వెనక మూత, చుట్టూ ఫ్రేమ్ తీశాక ప్యానెల్ అద్దాన్ని తనొక వైపు, కుర్రాడొక వైపు పట్టుకొని ఎక్కడా వంగకుండా లేపి దుప్పటి మీద పెట్టారు. దాని కింద మూడు తెల్లటి షీట్లు. ఏది పైన, ఏది కింద, ఏ వైపు ఎటు ఉండాలో మారిపోకుండా మూలల్లో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. ఆ షీట్ల మధ్య దుమ్ము పడితే తర్వాత తెర మీద మచ్చలా కనిపిస్తుందట, అందుకే ఫ్యాన్ కూడా ఆపించాడు. అప్పుడు బయటపడ్డాయి లైట్ పట్టీలు. మల్టీమీటర్‌తో ఒక్కో బల్బును తాకుతూ పోతుంటే ఒక్కోటీ సన్నగా వెలుగుతోంది, ఒకటి మాత్రం వెలగలేదు. దాని మీది ప్లాస్టిక్ లెన్స్ ఊడదీసి చూపించాడు. పసుపు రంగు చిప్ మధ్యలో ఆవగింజంత నల్ల మచ్చ. ఇంట్లో అందరం టీవీ మొత్తం పోయిందనుకున్నది ఆ మచ్చ వల్లే.

ఆ ఒక్క పట్టీ మారిస్తే చాలా, అన్నీ మార్చాలా అని అడిగాడు. అన్నీ మార్చమన్నాను. మీకూ అదే చెబుతాను. అన్ని పట్టీలూ ఒకే రోజు నుంచి ఒకేలా వేడెక్కుతూ వచ్చినవి. ఇవాళ ఒకటి పోతే మిగతావి కూడా ఆ దారిలోనే ఉంటాయి. పైగా ప్యానెల్‌ను లేపిన ప్రతిసారీ అది పగిలే ప్రమాదం ఉంది, ఆ అద్దం అంత పలచన. ఒకసారి విప్పినప్పుడే పని పూర్తి చేయించుకోవడం మంచిది. కొత్త పట్టీలకూ పాతవాటికీ వెలుగులో తేడా ఉండి తెర మీద చారలు పడే ఇబ్బంది కూడా ఉండదు.

కాబట్టి ఆ 4,500లో ఏమేం కలిసి ఉన్నాయో మెకానిక్‌ను అడగండి. అన్ని పట్టీలూ మారుస్తాడా, విప్పేటప్పుడు ప్యానెల్ పగిలితే బాధ్యత ఎవరిది, ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తాడు, అది బిల్లు మీద రాసిస్తాడా. ప్యానెల్ సంగతి అడగ్గానే చిరాకు పడేవాడైతే అతని చేతికి టీవీ ఇవ్వకండి. పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు కోప్పడడు, తన జాగ్రత్త ఏమిటో చెబుతాడు. మాకు 3,600 అయింది, ఆరు నెలలకు రాసిచ్చాడు. మీది పెద్ద టీవీ కాబట్టి అన్నీ కలిపి అయితే 4,500 నాకు అన్యాయంగా అనిపించట్లేదు. ఒక్క పట్టీకే అంత అంటే మాత్రం ఎక్కువ.

ఇంటికి తెచ్చాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాక్‌లైట్‌ను 60, 70 దగ్గర పెట్టండి. చాలా ఇళ్లలో అది కొన్న రోజు నుంచి నిండుగానే ఉంటుంది. బల్బులను తినేసేది ఆ వేడే. మా బాపుకు రాత్రిపూట కళ్లకు కూడా హాయిగా ఉంది.

టార్చ్ వేసినా ఏమీ కనిపించకపోతే కంగారు పడకండి, అప్పుడు వెతకాల్సింది బోర్డుల్లో. అసలు ఆనే కావట్లేదు, ఎర్ర లైటు కొట్టుకుంటోంది, టక్ టక్ అని చప్పుడొస్తోంది అంటే తరచుగా పవర్ బోర్డు. కెపాసిటర్లనే చిన్న డబ్బాల్లాంటి భాగాలు పైన ఉబ్బి ఉంటే కంటికే కనిపిస్తాయి, ఖర్చు కూడా తక్కువే. కంపెనీ పేరు దగ్గరే ఆగిపోయి మళ్లీ మళ్లీ మొదటికి వస్తోందంటే మెయిన్ బోర్డు వైపు చూడాలి. మెయిన్ బోర్డు ఒక్కోసారి దొరకదు, దొరికితే మార్చుకోవచ్చు.

పిడుగుల సంగతి కూడా చెప్పాలి, మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో కురిసే వానలకు చాలా టీవీలు పోతాయి. మా వీధిలో కేబుల్ వైర్లు డాబాల మీద నుంచి డాబాల మీదికి వెళ్తాయి, కోతులు వాటిని పట్టుకొని ఊగుతాయి. పిడుగు పడితే ఆ వైరు నుంచి సెట్‌టాప్ బాక్స్‌కు, బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐ తీగ గుండా టీవీకి వస్తుంది. మా పక్కింటి వాళ్లకు అలాగే "నో సిగ్నల్" వస్తే బోర్డు మార్చాలన్నారు. తీగ తీసి రెండో హెచ్‌డీఎంఐ పోర్టులో పెడితే బొమ్మ వచ్చేసింది! పోయింది ఒక పోర్టే. బోర్డు మార్చమని ఎవరన్నా చెప్తే ముందు అన్ని పోర్టులూ, వేరే బాక్సూ పెట్టి చూడండి. ఉరుముతున్నప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు కూడా ఊడదీయండి.

ఇక ఆశ వదులుకోవాల్సింది ప్యానెల్ పోయినప్పుడే. తెర పగిలినా, నిలువు గీతలు పడినా, సగం తెర తెల్లబడినా అది ప్యానెల్ జబ్బు కావచ్చు. కొన్నిసార్లు టీకాన్ అనే చిన్న బోర్డు వల్ల కూడా ఇలా అవుతుంది, కాబట్టి దాన్ని చూడమని ఒక మాట అడగండి. ప్యానెలే అని తేలితే మాత్రం కొత్త ప్యానెల్ ధర కొత్త టీవీ ధరకు దగ్గరగా వచ్చేస్తుంది. తెర అంచున నొక్కితే గీత పోయి, వదిలితే మళ్లీ వస్తోందంటే అద్దానికి అతికించిన రిబ్బన్ల దగ్గర పట్టు వదిలిందని అర్థం. దానికి టేపులు వేసి, వేడి చేసి "సెట్ అయింది" అంటారు. అది నిలిచే పని కాదు, దానికి డబ్బు పెట్టకండి.

మా చిన్నక్క వాళ్లది హంటర్ రోడ్ వైపు ఇల్లు. 2023 జులై చివర్లో కురిసిన వానలకు వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు వాళ్ల హాల్లోకీ నీళ్లొచ్చాయి. టీవీ చిన్న స్టాండ్ మీద ఉండేది, కింది అంచు తడిసింది. వెంటనే ఆన్ చేయకుండా వారాల తరబడి ఆరబెట్టారు, పని చేసింది, అందరూ సంతోషించారు. కొన్ని నెలలకు కింద నుంచి గీతలు మొదలయ్యాయి. చాలా టీవీల్లో ప్యానెల్‌ను నడిపే సన్నటి బోర్డులు కింది అంచునే ఉంటాయి, ఆ మురుగునీళ్లకు అవి తుప్పు పట్టాయి. బావ బాగు చేయిద్దామనే అన్నాడు, నేనే వద్దన్నాను. మెయిన్, పవర్ బోర్డులు బాగున్నాయి కాబట్టి విడిభాగాల కింద ఒక మెకానిక్ కొనుక్కున్నాడు. మీరు కూడా ఎక్స్ఛేంజ్‌కు ఒప్పుకునే ముందు మెకానిక్ ఎంతిస్తాడో కనుక్కోండి. ప్యానెల్ బాగున్న టీవీకి అతని దగ్గర విలువ ఉంటుంది.

మీ అన్న మాటలో న్యాయం లేకపోలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త టీవీ ఒకప్పుడంత భారం కాదు. కానీ యాప్‌లు రావట్లేదన్నది టీవీ పోయినట్టు కాదు. పాత సాఫ్ట్‌వేర్‌కు యాప్‌లవాళ్లు అప్‌డేట్లు ఆపేస్తారు, అంతే. స్ట్రీమింగ్ స్టిక్, అంటే యాప్‌లు నడిపే చిన్న పరికరం ఒకటి తెచ్చి హెచ్‌డీఎంఐకి పెడితే మీ అన్నకు కావాల్సినవన్నీ వస్తాయి. రిపేరు ఖర్చు అదే సైజు కొత్త టీవీ ధరలో మూడో వంతు దాటితే నేనైతే ఆగుతాను. మీది ఆ దరిదాపుల్లో లేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది మీ బాపు మాట. దయచేసి దాన్ని మొండితనం అనుకోకండి. మా బాపు రైల్వేలో రిటైరయ్యారు, కంటిచూపు తగ్గింది. రిమోట్‌ను ఆయన చూడరు, బొటనవేలితో తడిమి నొక్కుతారు. పొద్దున వార్తలు, సాయంత్రం దూరదర్శన్ యాదగిరి, అన్నీ వేలి గుర్తే. ఊళ్లో మా చిన్నాయన ఇంటికి కొత్త టీవీ వచ్చినప్పుడు ఏమైందో చూశాను. ఆన్ చేస్తే ఛానల్ రాదు, సినిమాల బొమ్మలతో నిండిన పేజీ వస్తుంది. అక్కడి నుంచి సెట్‌టాప్ బాక్స్‌కు వెళ్లడం ఆయనకు రాదు, మనవడు బడి నుంచి వచ్చేదాకా ఊరికే కూర్చునేవారు. పెద్దవాళ్లు ఇలాంటివి నోరు తెరిచి అడగరు. నాకు చాలా బాధేసింది.

కాబట్టి ఎప్పుడైనా కొత్తది కొనాల్సి వస్తే దుకాణంలోనే ఒకటి అడగండి: ఆన్ చేయగానే నేరుగా సెట్‌టాప్ బాక్స్ ఇన్‌పుట్ వచ్చేలా సెట్టింగ్ ఉందా అని. చాలా టీవీల్లో ఉంటుంది, ఎవరూ పెట్టివ్వరు. చిన్నాయన టీవీలో అది పెట్టాను. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌కే టీవీ ఆన్, ఆఫ్ నేర్పించే సదుపాయం కూడా కొన్నిట్లో ఉంటుంది, అది చేసి టీవీ రిమోట్ బీరువాలో పెట్టేశాం. ఇప్పుడు ఆయన చేతిలో ఒకటే రిమోట్. కొత్త టీవీ బిల్లు జాగ్రత్త చేయండి, వారంటీ విషయంలో తిప్పుకుంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు.

అటక మీది డబ్బా టీవీకి మాత్రం రిపేరు వద్దు. పిక్చర్ ట్యూబ్ బలం తగ్గితే తిరిగి రాదు, విడిభాగాలు దొరకడం కష్టం. మీరు విప్పకండి, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా ట్యూబ్‌లో వేల వోల్టుల ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. పాత సామాన్లవాడికి కూడా అలా ఇచ్చేయకండి. లోపలి రాగి తీగ కోసం ట్యూబ్‌ను రాయితో పగలగొట్టి గాజును కాలువ పక్కన పారేస్తారు. ఆ గాజులో సీసం ఉంటుంది, అక్కడే పిల్లలు ఆడుకుంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం టీవీలు రిజిస్టర్డ్ రీసైక్లర్ల దగ్గరికే చేరాలి, ఆ బాధ్యత తయారు చేసే కంపెనీలది. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి పాత టీవీ ఎక్కడ ఇవ్వాలో అడగండి. అప్పటిదాకా అది అటక మీద ఉన్నా నష్టం లేదు.

దుకాణానికి వెళ్లే ముందు టీవీ వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబర్‌ను ఫొటో తీసుకోండి. లైట్ పట్టీలు మోడల్‌ను బట్టి పొడవులోనూ, బల్బుల సంఖ్యలోనూ, వోల్టేజీలోనూ మారుతాయి. నంబర్ ముందే వాట్సాప్‌లో పంపిస్తే అతను సరైనవి తెప్పించి పెడతాడు, టీవీ దుకాణంలో రోజుల తరబడి విప్పి పడి ఉండదు.