'ఇల్లులు' అంటే ఏం పోతుంది?

సందేహం: సరదాకు నేనొక చిన్న భాష కట్టుకుంటున్న. మినహాయింపులు ఉండొద్దని షరతు పెట్టుకున్న. తెలుగు మాటలే తీసుకొని అన్నిటికీ ఒకే 'లు' తగిలిస్తున్న: ఇల్లులు, పండులు, పన్నులు. వారం తిరగకముందే నా నోట్లనే అవి ఇండ్లు, పండ్లు అయిపోతున్నయి. తప్పు ఎక్కడుంది? ఇంకోటి, ఇట్లాంటిదాన్ని కృత్రిమ భాష అనాల్నా, కల్పిత భాష అనాల్నా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: రెండోది తొందరగా తేలుతుంది గనుక ముందు అది చూద్దాం. కృత్రిమం అనగానే కృత్రిమ కొరత, కృత్రిమ నవ్వు గుర్తొస్తాయి. ఆ మాటకు నకిలీ వాసన పట్టింది. కల్పితం అంటే కథలోదేమో అనుకుంటారు. నిర్మిత భాష అనండి. 'కట్టుకుంటున్న' అని మీరే రాశారు కదా, దానికి ఇదే దగ్గర.

ఇక మొదటిది. మీ నియమం బాగానే ఉంది, దాన్ని తగిలించిన మాటలే దానికి లొంగేవి కావు. 'పండు'కు 'లు' చేరితే నడుమ ఉన్న ఉకారం నలిగిపోయి 'పండ్లు' అవుతుంది. ఇంకాస్త అరిగితే 'పళ్లు'. (మీ వైపు వినిపించే పండ్లు ఆ అరుగుదలకు ముందరి మెట్టు, దాన్ని మోటు అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.) నోట్లో ఉండే 'పన్ను'కూ బహువచనం 'పండ్లే'. అందుకే నల్గొండలో పొద్దున తోముకునేవీ పండ్లే, బండి మీద కొనుక్కునేవీ పండ్లే. సర్కారుకు కట్టే పన్ను మాత్రం బుద్ధిగా 'పన్నులు' అవుతుంది. ఇదంతా మాటా ప్రత్యయమూ కలిసేచోట నోరు చేసే పని. అక్కడ నోటికి పని లేకుండా చేయాలంటే ప్రత్యయం కన్నా ముందు మాట ఆకారానికి నియమం పెట్టాలి.

తెలుగు మాటలు వదిలి కొత్తవి కట్టుకుందాం, లెక్క చూడండి. హల్లులు పదకొండు చాలు: క చ త ప మ న య ర ల వ స. అచ్చులు ఐదు: అ ఇ ఉ ఎ ఒ. దీర్ఘాలు, ఒత్తులు వద్దు. ల, న రెండింటినీ ప్రత్యయాలకే వదిలేయండి. మిగిలిన 9 హల్లులకు 45 అక్షరాలు వస్తాయి. ప్రతి మాటా సరిగ్గా రెండక్షరాలే అనుకుంటే 45×45, అంటే 2,025 మాటలు. ప్రత్యయాలకు 10 అక్షరాలు మిగులుతాయి.

ఇల్లుకు 'కొవ' అని పెట్టుకుందాం. బహువచనం 'లు', లోపల అనడానికి 'నొ'. కొవ, కొవలు, కొవనొ, కొవలునొ. ఇదే పనికి తెలుగులో ఇల్లు, ఇండ్లు, ఇంట్లో, ఇండ్లలో అని మాట వేషాలు మారుస్తుంది. ఇక్కడ 'కొవ' కదలదు. పైగా ల, న మాట లోపలికి రావు గనుక మాట ఎక్కడ తెగిందో చెవికే తెలుస్తుంది. తెలుగులో 'వేలు' అంటే చేతివేలా, వేయికి బహువచనమా అని సందర్భం చూసుకోవాలి.

అయినా తెలుగు నోరు ఊరుకోదు. పై లెక్కను దాటి అచ్చుతో మొదలయ్యే మాట ఒక్కటి చేర్చారో, 'కొవలు' పక్కన 'ఎపి' వచ్చి 'కొవలెపి' అయిపోతుంది. ఉత్వసంధి నిత్యమని బాలవ్యాకరణం అన్నది ఊరికే కాదు. ఇంకా మొండిది ఇ–ఉల లాగులాట. పులికి బహువచనం పులులు. 'కుక్కకు' అంటాం గాని 'పిల్లికి' అంటాం, ఇ పక్కన 'కు' కాస్తా 'కి' అవుతుంది. మీ జాబితాలో 'తెమి', 'తెము' రెండూ ఉంటే బహువచనంలో రెండూ 'తెములు' అయి కూర్చుంటాయి. చివరి అచ్చులో ఇ–ఉ తేడా ఒక్కటే ఉన్న జంటల్లో ఒకటి కొట్టేయండి. అప్పుడు రెండో అక్షరానికి 36 మిగిలి, మొత్తం 1,620 మాటలు అవుతాయి. అవే ఎక్కువ.

జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో వెలువరించిన ఎస్పెరాంటో అనే నిర్మిత భాషలో ఒక మంచి ఉపాయం ఉంది. 'బోనా' మంచి, ముందు 'మల్' చేర్చి 'మల్బోనా' అంటే చెడ్డ. జాబితాలో ఒక మాట తగ్గినట్టే. కాని మీ పద్ధతిలో దాన్ని ముందు తగిలిస్తే, అది వెనకటి మాటకు ప్రత్యయమా, రాబోయే మాటకు ఉపసర్గా అన్నది తేలదు. వెనకే పెట్టండి: 'సయ' మంచి, 'సయలె' చెడ్డ.

ఒక జాతి వస్తువులన్నిటికీ ఒకే మొదటి అక్షరం పెట్టాలనే ఆశ కూడా పుడుతుంది. వరి 'మెక', జొన్న 'మెచ', సజ్జ 'మెస' అని వరుస పేరిస్తే కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. వడ్ల కాంటా దగ్గరి గోలలో అంటే మాత్రం రెండుసార్లు అడిగించుకోవాల్సిందే. దగ్గరి వస్తువులకు దూరపు ధ్వనులు పెట్టండి.

జాబితా యాభై మాటలకు చేరగానే ఇరవై వాక్యాలు తయారు చేసి, ఇంట్లో ఒకరికి వేగంగా చదివి వినికిడి మీద రాయించండి. తేడా వచ్చిన చోట ఆ మాటను మార్చండి, నియమాన్ని ముట్టుకోకండి.