పిల్లి సోఫా గీరేస్తోంది, గోళ్లు పూర్తిగా తీయించేయొచ్చా?

వద్దండి, దయచేసి ఆ పని చేయించకండి. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుంచే పుడుతుంది. మళ్లీ మొలవకుండా తీయాలంటే ఆ ఎముకనే కీలు దగ్గర కోసేయాలి. ఆ తర్వాత పాదం నొప్పికి, మలమూత్రాల కోసం పెట్టిన ఇసుక తొట్టిలోకి దిగడం మానేసే పిల్లులున్నాయి, కరవడం మొదలుపెట్టేవీ ఉన్నాయి.

గీరడం దానికి అవసరం. గోరు మీది పాత పొర ఊడి, కింద పదునైన కొత్త కొస బయటపడేది అలాగే. సోఫా పక్కన ఊడుస్తుంటే నెలవంకలా వంగిన బోలు పెంకులు దొరికితే అవే, గోరు విరిగిందని కంగారుపడకండి. పాదాల్లోని గ్రంథుల వాసన కూడా అక్కడ అంటుకుంటుంది, అందుకే మళ్లీ అదే మూలకు వస్తుంది.

కాబట్టి సోఫాకు బదులు ఇంకోటి ఇవ్వాలి. మూడడుగుల దుంగకు జనపనార తాడు సందు లేకుండా బిగించి చుట్టండి. నైలాను తాడు వద్దు, గోరు జారిపోతుంది. దుంగ కింద అడుగున్నర పొడవూ అంతే వెడల్పూ ఉన్న బరువైన చెక్క బిగించండి. చాలామందికి బెడిసికొట్టేది ఇక్కడే: దుంగ ఒక్కసారి ఊగిందంటే పిల్లి మళ్లీ దాని జోలికి రాదు. రెండో పొరపాటు, దాన్ని బాల్కనీలో పెట్టడం. గీరుతున్న సోఫా మూలకు ఆనించే పెట్టండి, సోఫాకు కొన్ని వారాలు రెండువైపులా అంటుకునే టేపు వేయండి. కాళ్లు పట్టుకుని గీరించబోతే బెదిరిపోతుంది. నిలువుది నచ్చకపోతే పలక మీద గోనె సంచి బిగించి నేల మీద వేసి చూడండి. తాడు చిరిగి పీచులు లేచినా పారేయకండి, దానికి ఇష్టమైనది ఆ పాతదే.

రెండు మూడు వారాలకోసారి గోళ్ల కొసలు కత్తిరించండి. ముందు పాదానికి 5, వెనక పాదానికి 4 ఉంటాయి. మగతగా పడుకున్నప్పుడు వేలిని పైనా కిందా మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబీ రంగులో కనిపించేది నెత్తురూ నరమూ ఉన్న భాగం. దానికి 2 మిల్లీమీటర్ల ఇవతలే, వంపు కొస వరకే తుంచండి. నెత్తురొస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కిపట్టండి. రోజుకు రెండు గోళ్లయినా చాలు. ముందు కాలి బొటనవేలిని మాత్రం మరవకండి: అది నేలకు తగలదు, అరగదు. ముసలి పిల్లుల్లో ఆ గోరు గుండ్రంగా తిరిగి పాదం మెత్తలోకే దిగిపోతుంది. అప్పటికే గుచ్చుకుని ఉంటే ఇంట్లో లాగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.