పాఠకుల ప్రశ్నలు: బొమ్మ ముందు నోరు పెగలని పారామెడిక్

ప్రశ్న: పారామెడిక్ శిక్షణలో చేరి ఎనిమిది నెలలైంది. రాతపరీక్షల్లో మంచి మార్కులే వస్తున్నాయి. అయితే శిక్షణ బొమ్మ ముందు నిలబెట్టి, ప్రమాద పరిస్థితిని వివరించి, ‘ఇక మొదలుపెట్టండి’ అనగానే నాకు కాళ్లూ చేతులూ ఆడవు, నోరు పెగలదు. ఇటీవల అంబులెన్సు డ్యూటీలో, గుండె ఆగిపోయిన ఒక వృద్ధుడికి మొదటిసారి ఛాతీ నొక్కాను. మొదటి నిమిషంలోనే నా అరచేతుల కింద పక్కటెముక విరిగింది. ఆయన దక్కలేదు. ఆ చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తోంది. నేను ఈ వృత్తికి తగనా?

జవాబు: ముందుగా పక్కటెముక సంగతి చెబుతాను, మీ నిద్ర చెడగొడుతున్నది అదే కాబట్టి. పెద్దవారి ఛాతీని కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని మీరు చదివే ఉంటారు. ఆ లోతుకు నొక్కినప్పుడు వయసు మళ్లినవారి పక్కటెముకలు విరగడం చాలా సాధారణం. అరచేయి సరైన చోట ఉందో లేదో చూసుకుని నొక్కడం కొనసాగించడమే పద్ధతి. విరుగుతుందేమోనని పైపైన నొక్కితే మెదడుకు చాలినంత రక్తం చేరదు. ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారిలో, అన్నీ సక్రమంగా జరిగినా, ఎక్కువమంది బతకరు. ఈ మాటను శిక్షణ మొదటి వారంలోనే సూటిగా చెప్పాలని నా అభిప్రాయం. చెప్పకపోతే, పాఠం ముగియగానే ప్రతిసారీ ‘బతికే’ బొమ్మను చూసి విద్యార్థులు మరోలా అనుకుంటారు.

ఇక నోరు పెగలకపోవడం గురించి. రాతపరీక్ష ఒక్కోసారి ఒక్క ప్రశ్నే అడుగుతుంది. ప్రమాద స్థలం అన్ని ప్రశ్నలనూ ఒకేసారి మీద పడేస్తుంది. ఈ చోటు నాకు సురక్షితమేనా, ప్రాణం తీసేంత రక్తస్రావం ఉందా, శ్వాసమార్గం తెరిచి ఉందా, శ్వాస ఎలా ఉంది, నాడి ఎలా ఉంది అనే వరుసను కంఠస్థం చేయించేది పరీక్ష కోసం కాదు, అన్నిటికన్నా భయంకరంగా కనిపించేదాని వైపు మన కళ్లు పరుగెత్తకుండా ఆపడానికి. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఇద్దరు క్షతగాత్రులున్న ఒక అభ్యాసంలో, కాలు వంకరపోయి గట్టిగా అరుస్తున్న ‘రోగి’ దగ్గరే నాలుగు నిమిషాలు గడిపాను. పక్కనే నిశ్శబ్దంగా పడి ఉన్న రెండో వ్యక్తికి శ్వాసమార్గం మూసుకుపోయిందని శిక్షకులు చెప్పేదాకా అటు తిరిగి చూడలేదు. అరవగలుగుతున్నాడంటే అతనికి ఆ క్షణంలో ఊపిరి ఆడుతున్నట్టేనని పుస్తకంలో నేను అంతకుముందే గీత గీసి పెట్టుకున్నాను కూడా!

బొమ్మతో మరో చిక్కుంది. నార్వేకు చెందిన బొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్ 1960లో తెచ్చిన ‘రెససీ ఆన్’ మొదలుకొని శిక్షణ బొమ్మలు ఎంతో మెరుగుపడ్డాయి కానీ, సాధారణ తరగతి గదిలో ఉండే బొమ్మకు చెమట పట్టదు, పెదవులు నీలంగా మారవు. ఆ వివరాలు శిక్షకుల నోటి నుంచే రావాలి, అదీ మీరు అడిగితేనే. అందువల్ల బొమ్మ ముందు మౌనంగా నిలబడినవాడు రెండు విధాలా నష్టపోతాడు: అతనికి సమాచారం అందదు, అతను ఆలోచిస్తున్నాడని ఎదుటివారికీ తెలియదు. కాబట్టి రేపటి నుంచి చేస్తున్నదంతా బిగ్గరగా పలకండి. ‘శ్వాసమార్గం తెరిచి ఉంది. శ్వాస లెక్కిస్తున్నాను, నిమిషానికి 28. ఇది ఎక్కువ. ఆక్సిజన్ కొలత చూస్తున్నాను.’ తోటివారు నవ్వినా ఫరవాలేదు. నిజమైన అంబులెన్సులోనూ ఈ అలవాటే మిమ్మల్ని కాపాడుతుంది. గుండె ఆగినవారికి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇమ్మని సహచరుడు చెప్పినప్పుడు, ఆ మందు పేరూ మోతాదూ తిరిగి పలికి, ఇచ్చాక ఇచ్చానని చెప్పేవారి దగ్గర పొరపాటు జరగబోతే పక్కవారి చెవిన పడుతుంది. మనసులో జరిగే పొరపాటును ఎవరూ పట్టుకోలేరు.

చేతుల వణుకు అంత పెద్ద విషయం కాదు. సూది గుచ్చేటప్పుడు చేతిని గాలిలో ఉంచకుండా దాని అంచును రోగి ముంజేతిపై ఆనించండి, చాలావరకు తగ్గుతుంది.

తగనా అని అడిగారు. ఎనిమిది నెలలకు తడబడుతున్నారన్న కారణంతో నేను ఎవరినీ మానుకోమని చెప్పను. చేసిన తప్పును చార్టులో రాయకుండా దాచిన విద్యార్థికి మాత్రం ఒకసారి చెప్పాను. మీరు దాచలేదు, ఉత్తరం రాశారు. అయితే ఆ రాత్రి మీతో డ్యూటీలో ఉన్న సీనియర్‌తో ఇంకా మాట్లాడకపోతే ఈ వారమే మాట్లాడి, ఆ సంఘటనను మొదటి నుంచి చివరిదాకా ఇద్దరూ కలిసి చెప్పుకోండి. ఆ చప్పుడు ఒక నెల దాటినా వెంటాడుతుంటే, లేదా అంతకుముందే నిద్ర, పని పాడవుతుంటే మానసిక వైద్యులను కలవండి.

ప్రశ్న: మా అమ్మాయి పారామెడిక్ శిక్షణలో ఉంది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక ఏమీ మాట్లాడదు. ఏం చూసిందో అడగవచ్చా?

జవాబు: ఏం చూసిందని అడగకండి. రోగుల వివరాలు బయట చెప్పకూడదన్న నియమం ఆమెకు ఉంటుంది కనుక, ఆ ప్రశ్న ఆమెను ఇరకాటంలో పెడుతుంది. డ్యూటీ ఎలా గడిచిందని మాత్రం అడగండి. జవాబు రాకపోతే అప్పటికి వదిలేసి, పడుకోనివ్వండి. లేచాక తనే మాట కదిపితే పని ఆపి వినండి.