కేబుల్ నెట్ మానేసి ఏడీఎస్‌ఎల్‌కి మారొచ్చా? మారి ఏడాదిన్నర అయినవాడి జవాబు

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: కేబుల్ నెట్ పగలంతా బాగానే ఉండి రాత్రి ఏడు దాటగానే నత్తనడక నడుస్తోంది, ఇంట్లో ల్యాండ్‌లైన్ ఎలాగూ ఉంది, ఆ ఫోన్ తీగ మీదే నెట్ ఇచ్చే ఏడీఎస్‌ఎల్‌కి మారదామంటే అందులో స్పీడ్ తక్కువని అందరూ భయపెడుతున్నారు. ఏడాదిన్నర కిందట నాదీ ఇదే గొడవ. మారాను. మొదటి మూడు వారాలు ఎందుకు మారానురా బాబూ అని నెత్తి కొట్టుకున్నాను. ఆ తర్వాత మళ్లీ ఆ అవసరం రాలేదు. ఆ మూడు వారాలు మీకు తప్పుతాయేమోనని కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ వీధిలోకి ఫైబర్ వచ్చి ఉంటే మాత్రం ఇక్కడే చదవడం ఆపేసి అది పెట్టించుకోండి. కేబులా, ఏడీఎస్‌ఎలా అన్న ప్రశ్న ఫైబర్ లేనివాళ్లకే.

మొదట తేల్చుకోవాల్సింది జబ్బు కేబుల్ కంపెనీదా, మీ ఇంటిదా అన్నది. కేబుల్‌లో మీ పేటలోని వందలాది ఇళ్లు ఒకే తీగలోని సామర్థ్యాన్ని పంచుకుంటాయి. అందరూ ఇంటికి చేరి వీడియోలు పెట్టుకునే వేళకి అది చాలదు. ఇలాంటి రద్దీకి ఒక గుర్తుంటుంది: పొద్దున్న ఆరింటికి రాకెట్, రాత్రి తొమ్మిదింటికి ఎద్దుబండి. వైఫై పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా మోడెంకి తగిలించి, వారం రోజులు మూడు పూటలా స్పీడూ, పింగూ (అటు పంపినదానికి జవాబు రావడానికి పట్టే సమయం) రాసుకోండి. నా కాగితం మీద పొద్దున్న 28 ఎంబీపీఎస్, రాత్రి 3. పింగ్ 15 మిల్లీసెకన్ల నుంచి 180కి పోయేది. అన్ని వేళలా ఒకేలా నెమ్మదిగా ఉంటే అది రద్దీ కాదు. గోడ దగ్గర వదులైన కనెక్టరో, టీవీకీ నెట్‌కీ మధ్య పెట్టిన పాత స్ప్లిటరో అయి ఉంటుంది. చాలా కేబుల్ మోడెంలలో బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొడితే సిగ్నల్ అంకెలు కనిపిస్తాయి, అవి చూపించి బాగు చెయ్యమని అడగండి. ఐదు నిమిషాల్లో బాగయ్యే కనెక్టర్ కోసం కంపెనీ మార్చుకున్నవాళ్లని చూశాను.

ఇక ఏడీఎస్‌ఎల్. ఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి మీ ఇంటిదాకా వచ్చే రాగి తీగల జత మీ ఒక్కరిదే. మాట 4 కిలోహెర్ట్జ్ లోపలే పోతుంది. దాని పైన 25 నుంచి 138 కిలోహెర్ట్జ్ దాకా అప్‌లోడ్, ఆ పైన 1.1 మెగాహెర్ట్జ్ దాకా డౌన్‌లోడ్. దాని తర్వాతి రకం ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ అయితే 2.2 మెగాహెర్ట్జ్ దాకా వెళుతుంది. చిక్కంతా ఆ పైమెట్టులోనే ఉంది. తీగ పొడుగయ్యే కొద్దీ పై ఫ్రీక్వెన్సీలే ముందు చచ్చిపోతాయి. అందుకే ప్రకటనలో కనిపించే 24 ఎంబీపీఎస్ ఎక్స్ఛేంజ్ గోడకి ఆనుకుని ఉన్న ఇళ్లకే దక్కుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు దాటాక 2 ప్లస్ అయినా మామూలుదైనా పెద్ద తేడా ఉండదు.

ఆ కిలోమీటర్లు కూడా మీ బండి మీద కొలిచినవి కావు. తీగ తన ఇష్టమొచ్చిన సందుల్లో తిరిగి వస్తుంది. మా ఎక్స్ఛేంజ్ రోడ్డు మీద ఒకటిన్నర కిలోమీటరు. బ్రౌజర్‌లో తెరుచుకునే మోడెం పేజీలో లైన్ అటెన్యుయేషన్, అంటే దారిలో సిగ్నల్ ఎంత తగ్గిపోతోందో చూస్తే 38 డెసిబెల్స్. కిలోమీటరుకి సుమారు 14 అని లెక్కేసుకుంటే తీగ రెండున్నర కిలోమీటర్ల పైచిలుకే. ఈ సంగతి కనెక్షన్ తీసుకున్నాక కాదు, ముందే తెలుసుకోవాలి. మీ వరసలో ఎవరింట్లోనైనా ఏడీఎస్‌ఎల్ ఉంటే వాళ్ల మోడెం పేజీ ఒక్కసారి చూడనివ్వమనండి. వెళ్లేదేదో రాత్రి తొమ్మిదింటికే వెళ్లండి, ఎందుకంటే తీగ మీ సొంతమే కానీ ఎక్స్ఛేంజ్ అవతలి దారి అందరిదీ. అక్కడ కంపెనీ పిసినారితనం చేస్తే కేబుల్‌లో పడ్డ బాధే ఇక్కడా పడతారు. నేను ఈ పనులేవీ చెయ్యలేదు. ప్రకటన నమ్మి అప్లికేషన్ పెట్టేశాను.

ఆ తెలివికి ఫలితం మొదటి రోజునుంచే కనబడింది. ఫోన్ మోగితే చాలు, నెట్ తెగిపోయేది. వచ్చిన ఫిల్టర్‌ని, అంటే నెట్ సిగ్నల్‌నీ ఫోన్‌నీ వేరుచేసే చిన్న డబ్బాని, హాల్లో ఫోన్‌కి పెట్టాను, మోడెం వేరే రంధ్రంలో గుచ్చాను, ఇంకేం కావాలి? కాల్ సెంటర్‌వాళ్లు చెప్పినట్టల్లా మోడెం ఆపి పెట్టి, ఆపి పెట్టి వేలు అరిగిపోయింది. ఆరో రోజు బీరువా జరిపి తుడుస్తుంటే దాని వెనక గోడకి ఒక పాత ఫోన్ దొరికింది. రిసీవర్ మీద వేలు మందాన దుమ్ము. కానీ తీగ సాకెట్‌లోనే ఉంది. మోగడం మానేసి ఏళ్లయినా లైన్ మీద కూర్చునే ఉందన్నమాట, ఫిల్టర్ లేకుండా. అది పీకాక తెగడం ఆగింది. లైన్‌కి తగిలించిన ప్రతి పరికరానికీ ఫిల్టర్ ఉండాలి. ఫ్యాక్స్ అయినా, దొంగల అలారం అయినా, మూగఫోన్ అయినా సరే.

హమ్మయ్య అనుకునేలోపు వాన పడింది. వాన పడ్డ రోజల్లా సాయంత్రానికి నెట్ పది పన్నెండు సార్లు పోయేది. మోడెం పేజీలో ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ అని ఒక అంకె ఉంటుంది, అంటే రొదకి పైన సిగ్నల్‌కి ఎంత ఊపిరి మిగిలిందో చెప్పేది. మామూలుగా 6 డెసిబెల్స్ దగ్గర నిలబడాలి. నాది 2కీ 5కీ మధ్య ఊగేది. ఫిర్యాదు ఇస్తే మొదటిసారి వచ్చినతను మోడెం దీపాలు చూసి వెళ్లిపోయాడు. రెండోసారి వచ్చింది పెద్దాయన. మోడెం వంక చూడనైనా లేదు.

"ఫోన్‌లో గరగర ఏమన్నా వస్తోందాండీ?" అన్నాడు.

"వస్తుందండీ, అదెప్పుడూ ఉండేదే."

"అదే మరి. గరగర ఉన్న లైన్ మీద నెట్ నిలబడదండీ."

బయట గోడ మీది చిన్న పెట్టె మూత తీశాడు. లోపల రెండు తీగలు చేత్తో మెలిపెట్టి వదిలేసిన జాయింటు. రాగి మీద పచ్చగా చిలుము, చుట్టూ చుట్టిన టేపు జిగురు కారిపోయి ఉంది. నాలుగంగుళాలు కత్తిరించి పారేసి, మెరిసే తీగ బయటికి లాగి, లోపల జెల్ ఉన్న బుల్లి కనెక్టర్లలో పెట్టి కటింగ్ ప్లేయర్‌తో టక్కుమని నొక్కాడు. మోడెం ఎక్స్ఛేంజ్‌తో మళ్లీ స్పీడ్ కుదుర్చుకునేసరికి, అంటే సింక్ అయ్యేసరికి, 7.1 ఉన్నది 9.2 ఎంబీపీఎస్ చూపించింది, మార్జిన్ 6 దగ్గర కుదురుకుంది. కాబట్టి మీరు అప్లికేషన్ పెట్టే ముందే ఏ ఫిల్టరూ లేని మామూలు ఫోన్ ఎత్తి, ఒక అంకె నొక్కి డయల్ టోన్ ఆపి, ఆ నిశ్శబ్దం వినండి. గరగర ఉంటే ఫోన్ ఫిర్యాదుగానే ముందు బాగు చేయించుకోండి. నా అనుభవంలో నెట్ ఫిర్యాదుకంటే దానికి తొందరగా మనిషి వస్తాడు.

సింక్ 9.2 అయినా స్పీడ్ టెస్ట్‌లో 8కి అటూ ఇటూగానే వస్తుంది. ఎవరూ కొట్టేయలేదు. డేటా 53 బైట్ల చిన్న చిన్న సెల్స్‌గా వెళుతుంది, అందులో సరుకు 48 బైట్లే, పైన ఇంకొన్ని పైపట్టీలు. మొత్తం మీద ఎనిమిదో వంతు పోతుంది.

చిల్లర విషయాలు. మీ కేబుల్ మోడెం ఇక్కడ పనికి రాదు, రౌటర్ వేరే ఉంటే అది పనికొస్తుంది: ఏడీఎస్‌ఎల్ మోడెంని బ్రిడ్జ్ మోడ్‌లో (లాగిన్ పని రౌటర్‌కి వదిలేసే పద్ధతి) పెట్టి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రౌటర్‌లో ఇస్తే చాలు. కేబుల్‌లో తగిలిస్తే వచ్చేసేది కదా, ఇక్కడ లాగిన్ ఉంటుందని తెలియక మొదటి రాత్రంతా తన్నుకులాడాను. మీ కనెక్షన్ ఏ దారిలో పోవాలో మోడెంకి చెప్పే వీపీఐ, వీసీఐ అని రెండు అంకెలు కూడా అడిగి తీసుకుని మోడెం అడుగున అంటించుకోండి. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోతే రౌటర్‌లో ఎంటీయూ (ఒక్కో డేటా పొట్లం గరిష్ఠ సైజు) 1492 పెట్టి చూడండి. మొదటి పది రోజులు మోడెం మాటిమాటికీ ఆపకండి. కొన్ని కంపెనీల యంత్రాలు దాన్ని లైన్ లోపమనుకుని మీ స్పీడ్‌కి వాటంతట అవే కోత వేస్తాయి. ఆన్‌లైన్ ఆటలాడేవాళ్లుంటే ఇంటర్‌లీవింగ్ (తప్పులు సరిదిద్దుకోడానికి డేటాని కలగలిపి పంపడం, దానివల్ల ఆలస్యం పెరుగుతుంది) తీసెయ్యమని కంపెనీని అడగండి. నాకు పింగ్ 42 నుంచి 24కి దిగింది.

ఒక్క చోట మాత్రం కేబుల్‌ని తలచుకుంటాను, అప్‌లోడ్ దగ్గర. నాకు వచ్చేది 1 ఎంబీపీఎస్ కూడా కాదు. ఇంట్లో ఎవరి ఫోనో ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడితే డౌన్‌లోడ్ కూడా ఊపిరాడక కూర్చుంటుంది. రౌటర్‌లో అప్‌లోడ్‌ని 80 శాతానికి కట్టేసి, ఫోన్లలో బ్యాకప్ అర్ధరాత్రికి మార్చాక నయం. పెద్ద ఫైళ్లు రోజూ పంపే ఉద్యోగమైతే మీరు కేబుల్ వదలకండి. హెచ్‌డీ వీడియో ఒకటి హాయిగా నడుస్తుంది, రెండోది పెడితే రెండూ నసుగుతాయి. కానీ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో అవతలివాళ్ల ముఖం గళ్లుగళ్లుగా కనిపించడం పోయింది. నాకు కావలసిందీ అదే.

కేబుల్‌ని నెల రోజులు కట్ చెయ్యకండి, రెండూ నడవనివ్వండి. నేను రెండో రోజే మోడెం తిరిగి ఇచ్చేశాను, అందుకే ఆ మూడు వారాలు మొబైల్ డేటాతో ఈదాను. తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు అడిగి తీసుకోండి, రెండు నెలల తర్వాత మోడెం ఏదని అడిగితే నన్ను కాపాడింది ఆ కాగితమే.

పక్కింటి మోడెం పేజీ చూశాక అటెన్యుయేషన్, మార్జిన్ రెండూ ఇక్కడ రాయండి, ఎంత రావచ్చో లెక్క చూసి చెబుతాను. అటెన్యుయేషన్ 55 దాటి ఉంటే నన్ను అడగనక్కర్లేదు, మీ కేబుల్‌తోనే ఉండండి.