మా తమ్ముడిలా మావాడూ మారిపోతాడేమో!

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె. మా బాబుకి 19 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ పాసై డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఆరు నెలలుగా తెల్లవారక ముందే లేచి రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. అగ్నివీర్‌గా వెళ్తానంటాడు. మా తమ్ముడు ఆర్మీలో 17 ఏళ్లు చేసి వచ్చాడు, కార్గిల్ యుద్ధం అప్పుడు అక్కడే ఉన్నాడు. ఒంటి మీద చిన్న గాయం లేదు. కానీ దీపావళి రోజు గది తలుపేసుకుంటాడు, నిద్రలో కేకలు పెడతాడు, ఎవరితోనూ కలవడు. 2025 మేలో సత్యసాయి జిల్లా కుర్రాడు మురళీ నాయక్ సరిహద్దులో చనిపోయాడని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వద్దంటే మావాడు అన్నం మానేస్తున్నాడు. పంపమంటారా, ఆపమంటారా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు భయాలు కలిసిపోయాయి. బాబు తిరిగి రాడేమో అన్నది ఒకటి. వచ్చినా మీ తమ్ముడిలా వస్తాడేమో అన్నది రెండోది. మొదటి దానికి నా దగ్గర ఓదార్పు లేదు. సిపాయి ఉద్యోగంలో ఆ ప్రమాదం ఉంది, పేపర్లో చదివింది మీ ఇంటికి రాదని నేను ఎలా చెప్పను? 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 20 మంది పోయారు. వాళ్లలో మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు కూడా ఉన్నారు. అధికారి అయినా, మొన్న చేరిన అగ్నివీర్ అయినా చావుకు తేడా తెలియదు. రెండో భయం గురించి మాత్రం మాట్లాడుకోవాలి. అందులో మీరూ మీ బాబూ చేయగలిగింది చాలా ఉంది.

ముందుగా ఒక మాట. మీ తమ్ముడిది పిరికితనం కాదు, పొగరూ కాదు. మీరు రాసిన మూడు లక్షణాలూ యుద్ధం చూసి వచ్చిన వాళ్లలో డాక్టర్లకు బాగా తెలిసినవే. టపాసు చప్పుడుకు అతని ఒళ్లు ఇంకా ఆ కొండ మీదే ఉన్నట్టు ఉలిక్కిపడుతోంది. పక్కనున్నవాడు పోయి తాను మిగిలితే ‘నేనెందుకు మిగిలాను’ అన్న ప్రశ్న ఏళ్ల తరబడి వదలదు. చేసిన పని ఒకోసారి బాధపెడుతుంది, చేయలేకపోయిన పని అంతకంటే ఎక్కువ బాధపెడుతుంది. ఇది చికిత్స ఉన్న జబ్బు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

అయితే సైనికుడి మనసును కుంగదీసేది ఎప్పుడూ కాల్పులే అనుకుంటే పొరపాటు. మనవాళ్లలో చాలామంది సర్వీసు మొత్తంలో ఎదురుకాల్పులు చూడకుండానే రిటైర్ అవుతారు. సియాచిన్‌లో శత్రువు కంటే చలి, మంచు, పల్చటి గాలి తీసిన ప్రాణాలే ఎక్కువ. మరి మామూలు రోజుల్లో సిపాయిని లోపల తినేసేది ఏమిటంటే, ఇల్లు. సైనికుల ఆత్మహత్యల గురించి పార్లమెంటులో అడిగినప్పుడల్లా ప్రభుత్వం చెప్పే కారణాల్లో కుటుంబ గొడవలు, భార్యాభర్తల మధ్య తగువులు, డబ్బు ఇబ్బందులు తప్పకుండా ఉంటాయి. పొలం గట్టు పక్కవాడు జరిపేశాడని నాన్న ఫోన్‌లో గోలపెడతాడు. అమ్మకు జ్వరమని అక్క చెబుతుంది. అతను రాత్రి డ్యూటీకి వెళ్లబోతూ ఆ మాట విని తుపాకీ పట్టుకుని నిలబడతాడు. చేయగలిగింది ఏమీ లేదు. అగ్నివీర్‌కు లీవు ఏడాదికి 30 రోజులు. అదీ కావాలనుకున్న రోజున దొరుకుతుందని లేదు.

ఇది మీ ప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లాలో సిపాయి లేని ఊరు తక్కువ. ఆ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఒక పద్ధతి పాటించేవారు. ఉత్తరంలో కష్టం రాయాల్సి వస్తే దాని పక్కనే దాన్ని ఎవరు చూసుకుంటున్నారో కూడా రాసేవారు. ఫోన్లు వచ్చాక ఆ జాగ్రత్త పోయింది, ఏడుపు ఏడుపుగానే వెళ్లిపోతోంది. మీ బాబు వెళితే ఇంట్లో ఒక మనిషి, మీరో వాళ్ల నాన్నో, ఇంటి సంగతులకు బాధ్యత తీసుకోవాలి. పొలం తగాదాలాంటివి వస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, అతని యూనిట్ నుంచి కలెక్టరుకు లేఖ రాయించుకునే దారీ ఉంది. ఈ రెండూ తెలియక పిల్లలు అక్కడ నలిగిపోతుంటారు.

ఇప్పుడు మీ తమ్ముడికీ మీ బాబుకీ ఉన్న అసలు తేడా. ధైర్యం సంగతి కాదు, ఉద్యోగం స్వరూపమే మారిపోయింది. మీ తమ్ముడు చేరిన రోజుల్లో సిపాయి పదిహేను ఏళ్లు, ఆ పైన చేసి పెన్షన్‌తో, క్యాంటీన్ కార్డుతో, వైద్యం కోసం ఈసీహెచ్‌ఎస్ కార్డుతో ఇంటికి వచ్చేవాడు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో ట్రైనింగ్‌తో కలిపి నాలుగేళ్లే. ఆ తర్వాత బ్యాచ్‌లో 25 శాతం వరకు మాత్రమే పర్మినెంట్ కేడర్‌లోకి తీసుకుంటారు. మిగతావాళ్లకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 30 శాతం నిధికి పోగా చేతికి 21 వేలు. నాలుగో ఏడాది 40 వేలు, చేతికి 28 వేలు. కోత పెట్టిన దానికి ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి నాలుగేళ్ల చివర సుమారు 11.71 లక్షల సేవానిధి, దానికి పన్ను లేదు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల జీవిత బీమా. ఇవి చాలామంది అడుగుతారు. వైద్యం గురించి మాత్రం ఎవరూ అడగరు. నాకు టెన్షన్ అక్కడే. మనసుకు తగిలిన దెబ్బ చాలాసార్లు యూనిఫాంలో ఉన్నప్పుడు బయటపడదు. చుట్టూ తోటివాళ్లు ఉంటారు, పొద్దున్నే పీటీ, సాయంత్రం ఆట, రాత్రి డ్యూటీ ఉంటాయి. ఇంటికి వచ్చి ఖాళీగా కూర్చున్నప్పుడు మొదలవుతుంది. అప్పటికి 23 ఏళ్ల కుర్రాడి చేతిలో ఆర్మీ ఆసుపత్రి లేకపోతే వాడు ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకుని ఉంచుకోవాలి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. సైనికుల కోసం అదే సేవలో ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాలలో ప్రారంభించారు.

ఇంకో విషయం మీ బాబుకి గట్టిగా చెప్పండి. చేరాక నచ్చలేదని మధ్యలో మానేసే వీలు లేదు. చాలా ప్రత్యేకమైన పరిస్థితుల్లో, పైఅధికారుల అనుమతితో తప్ప సొంత కోరికపై నాలుగేళ్లకు ముందు వదలరు. డిగ్రీ మానేసినట్టు కాదు ఇది.

ఇక వెళ్లాలా వద్దా. ‘మావాడు కోడిని కోస్తుంటే చూడలేడు సార్, యుద్ధం ఎలా చేస్తాడు’ అని తల్లులు నన్ను అడుగుతూ ఉంటారు. దానితో ఏమీ తేలదు. సున్నితంగా ఉండే పిల్లలు యూనిట్‌లో తోటివాడిని కనిపెట్టుకుని ఉండే మంచి సైనికులు అవుతారు. ఏమీ అనిపించదని గొప్పలు పోయేవాడి గురించే నాకు బెంగ. నేను చూసేది ఒక్కటే. పిల్లవాడు దేనికోసం వెళ్తున్నాడు, దేన్నుంచి పారిపోతున్నాడు?

కొన్నేళ్ల క్రితం ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. పరుగు అద్భుతం, పుల్‌అప్స్ పది తీసేవాడు. గంట మాట్లాడాక తేలింది, ఇంజనీరింగ్‌లో నాలుగు సబ్జెక్టులు ఉండిపోయాయి, ఇంట్లో చెప్పలేదు, ఆర్మీకి వెళ్తే ఎవరూ అడగరని. వాడి సమస్యను ఆర్మీ తీర్చదు, దాన్ని మోసుకుని రెండు వేల కిలోమీటర్లు తీసుకెళ్తుంది అంతే. సబ్జెక్టులు రాసి రమ్మన్నాను. నా మీద కోపం వచ్చింది, ఏడాది మాట్లాడలేదు.

మీ బాబుని కూర్చోబెట్టి అడగండి, తిట్టకుండా. అప్పు ఏమైనా చేశాడా? ప్రేమ వ్యవహారం చెడిందా? చదువు ఎక్కడం లేదా? రీల్స్‌లో పాట పెట్టి చూపించే కవాతు కాకుండా సిపాయి రోజు ఎలా గడుస్తుందో తెలుసా? ఎదుటివాడి మీద కాల్చాల్సి వస్తే అన్న ప్రశ్న ఎప్పుడైనా వేసుకున్నాడా? జవాబు తెలియదంటే నాకు సమ్మతమే, అది నిజాయతీ. నవ్వి కొట్టిపారేస్తే ఇంకా తయారు కాలేదనుకోండి. ఇంతకుముందు డిప్రెషన్‌కో, ఫిట్స్‌కో, భయంతో ఊపిరాడకపోవడానికో మందులు వాడి ఉంటే మెడికల్స్‌లో దాచవద్దు. ఎంపిక పోతుందనే దాస్తారు. దాచి వెళ్లినవాడికి అక్కడ అది ముదిరితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

యూనిఫాం మీదే మోజు అయితే దారులు ఇంకా ఉన్నాయి. ఎంపీసీ చదివాడు కనుక నేవీ ఎస్‌ఎస్‌ఆర్‌కు, అంటే ఇంటర్ పాసైనవాళ్లను తీసుకునే నావికుడి ఉద్యోగానికి, ప్రయత్నించవచ్చు. అదీ అగ్నివీరే, నాలుగేళ్లే. ట్రైనింగ్ మాత్రం మీకు దగ్గర్లోని చిల్కాలో. సీఆర్పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లోకి తీసుకునే ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు, ఉద్యోగం 60 ఏళ్ల వరకు ఉంటుంది. అందులో అన్నీ ఒకటి కావు. సీఆర్పీఎఫ్‌లో అడవి డ్యూటీ ఆర్మీ కంటే తేలిక అని ఎవరూ అనరు. సీఐఎస్‌ఎఫ్ అయితే విమానాశ్రయాలు, విశాఖ స్టీల్‌ప్లాంట్ లాంటి చోట్ల కాపలా, ఒత్తిడి వేరే రకం. ఆర్మీలోనే టెక్నికల్, క్లర్క్ పోస్టులకు రాస్తే సరిహద్దు తప్పుతుందని మాత్రం లెక్కలు వేసుకోవద్దు. ట్రేడ్ ఏదైనా ముందు సిపాయే.

నా సలహా అడిగారు కాబట్టి చెబుతున్నాను. పారిపోవడం కాదని మీకు తేలితే రాయనివ్వండి. పద్దెనిమిది నిండాయి, మీ సంతకం లేకుండానే వెళ్లగలడు. మీతో దెబ్బలాడి వెళ్లినవాడు అక్కడ కష్టం వస్తే మీకు చెప్పడు. ‘వద్దన్నాం కదా’ అంటారని భయపడతాడు. నాకు అన్నిటికంటే ప్రమాదంగా తోచేది అదే. బదులుగా రెండు మాటలు తీసుకోండి. డిగ్రీని దూరవిద్యలోనైనా పూర్తి చేయాలి, నాలుగేళ్ల తర్వాత ఆ 75 శాతంలో ఉంటే చేతిలో కాగితం ఉండాలి. వారానికి ఒకసారి, సిగ్నల్ దొరికిన రోజున, బాగున్నానని కాకుండా నిజం చెప్పాలి. మీరూ అంతే నిజం చెప్పాలి, కానీ ఏడవకుండా.

అయితే దరఖాస్తు పెట్టే ముందు ఒక పని ఉంది. మీ తమ్ముడిని డాక్టరుకు చూపించండి. పెన్షన్ వస్తోంది కాబట్టి ఈసీహెచ్‌ఎస్‌కు అర్హుడే. కార్డు లేకపోతే ఎలా దరఖాస్తు చేయాలో సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ‘పిచ్చి డాక్టరు దగ్గరికా’ అని ఎగిరిపడతాడు, ఇన్నేళ్లూ ఎవరూ తీసుకెళ్లకపోవడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది. నిద్ర పట్టడం లేదని చెప్పించండి చాలు, మిగతాది వాళ్లు అడుగుతారు. ఆ రోజు ఆసుపత్రికి తోడుగా మీ బాబుని పంపండి. బయట బెంచీ మీద కూర్చుని వరసలో తమ వంతు కోసం చూస్తున్నప్పుడు మామయ్య ఏమన్నా చెబితే వింటాడు, చెప్పకపోతే పక్కన కూర్చుంటాడు. వచ్చాక కూడా వెళ్తానంటే నాకు మళ్లీ రాయండి. సికింద్రాబాద్‌లోనో ఇంకెక్కడో ట్రైనింగ్ సెంటర్‌లో చేరేముందు ఏం సర్దుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.