పాఠకుల ప్రశ్నలు: సముద్రం లేని దామగుండంలో నేవీకి పనేమిటి?

ప్రశ్న: వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నేవీ రాడార్ స్టేషన్ వస్తోంది. సముద్రమే లేని చోట అదెందుకు? అణ్వాయుధాలతో దానికి సంబంధం ఉందంటున్నారు, నిజమేనా? (ఒక పాఠకురాలు, పరిగి)

జవాబు: ఊళ్లో అందరూ రాడార్ అంటున్నారు గానీ అది రాడార్ కాదు. అణ్వాయుధాలతో దానికున్న సంబంధం తరవాతి జవాబులో వస్తుంది. రాడార్ వస్తువుల జాడ వెతుకుతుంది. ఇది సందేశం పంపుతుంది, అంతే. 2024 అక్టోబర్ 15న పూడూరు మండలంలో శంకుస్థాపన జరిగింది నీటి అడుగున తిరిగే జలాంతర్గాములకు కబురు పంపే వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య రేడియో) కేంద్రానికి.

ఉప్పునీరు మామూలు రేడియో తరంగాలను మింగేస్తుంది. ఎఫ్ఎం, సెల్‌ఫోన్ సిగ్నళ్లు నీటి పైపొర దాటవు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే వీఎల్ఎఫ్ తరంగాలు మాత్రం పది, ఇరవై మీటర్ల లోతు దాకా దిగుతాయి. నేల మీద వేల కిలోమీటర్లు పోతాయి కాబట్టి కేంద్రం ఒడ్డునే ఉండనక్కర్లేదు. ఒక్కో తరంగం పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు. అంత పొడవైన తరంగాన్ని పంపాలంటే ఎత్తైన టవర్లు, వాటి మధ్య తీగల వల, దానికి తగ్గ స్థలం కావాలి. సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి తీసుకున్నది అందుకే.

దీనికి పరిమితులూ ఉన్నాయి. కబురు ఒకవైపే వెళుతుంది, జలాంతర్గామి తిరిగి జవాబివ్వడం కుదరదు. మాటలు పంపలేం, చిన్న సంకేత సందేశాలే వెళతాయి. లోతున ఉన్న జలాంతర్గామి కబురు అందుకోవాలంటే కాస్త పైకి రావాలి, లేదా పొడవాటి తీగ యాంటెన్నాను వెనక తేలేలా లాక్కుంటూ పోవాలి. పైగా టవర్లు కదలవు కాబట్టి యుద్ధంలో అవే మొదటి గురి అవుతాయి. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఇలాంటిదే ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ కేంద్రం 1990 నుంచి పనిచేస్తున్నా రెండోది కావాలనడానికి ఇదొక కారణం కావచ్చు.

అడవి గురించి, మూసీ పుట్టుక గురించి స్థానికులు అడుగుతున్న ప్రశ్నలు న్యాయమైనవే. రక్షణ అవసరం నిజమైనంత మాత్రాన ఎన్ని చెట్లు పోతాయో లెక్క చెప్పే బాధ్యత తీరిపోదు.

ప్రశ్న: మనం అణుబాంబు ముందుగా వేయబోమని మాటిచ్చాం కదా. మరి విశాఖలో అణు జలాంతర్గాములు ఎందుకు కడుతున్నారు? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: ఆ మాట నిలబడాలంటేనే అవి కావాలి. 2003 జనవరి 4న కేంద్రం ప్రకటించిన విధానం ప్రకారం ముందు మనం వేయం, మన మీద వేస్తే భరించలేని నష్టం కలిగిస్తాం. అంటే మొదటి దెబ్బ తిన్న తరవాత కూడా మన దగ్గర ఏదో మిగలాలి. వైమానిక స్థావరాలు ఉపగ్రహాలకు కనిపిస్తాయి. నీటి కింద ఉన్నది దొరకదు.

విశాఖలో 2009 జులై 26న జలప్రవేశం చేసిన అణు జలాంతర్గామి అరిహంత్ తొలి నిరోధక గస్తీ (శత్రువు దాడికి తెగించకుండా అణు క్షిపణులతో సముద్రంలో తిరగడం) ముగించిందని 2018 నవంబర్‌లో ప్రకటించారు. రెండో అణు జలాంతర్గామి అరిఘాత్ 2024 ఆగస్టు 29న నౌకాదళంలో చేరింది. అసలు చిక్కు దూరంతోనే. వీటి నుంచి ప్రయోగించే కె-15 క్షిపణి 750 కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి ఇస్లామాబాద్ 2,000 కిలోమీటర్ల పైమాటే. కాబట్టి కె-15తో బంగాళాఖాతంలో కూర్చుంటే లాభం లేదు, శత్రు తీరం దగ్గరికి వెళ్లాలి, అక్కడ పట్టుబడే ప్రమాదం ఎక్కువ. 3,500 కిలోమీటర్లు పోయే కె-4 క్షిపణి ఆ అవసరాన్ని చాలావరకు తగ్గిస్తుంది. అయినా విశాఖ తీరం నుంచి బీజింగ్ సుమారు 4,000 కిలోమీటర్లు.

ప్రయోగానికి అనుమతించే అధికారం ప్రధాని అధ్యక్షుడుగా ఉన్న రాజకీయ మండలిదే. ఆ ఆదేశం నీటి అడుగుకు చేరకపోతే జలాంతర్గామి ఉండీ లేనట్టే. పైన చెప్పిన టవర్ల విలువ అదీ.

ప్రశ్న: క్షిపణి పరీక్షకు ముందు పాకిస్తాన్‌కు చెబుతారట. ఏం చెబుతారు? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: గాల్లోకి లేచిన క్షిపణిలో ఉన్నది ఉత్త బరువో, బాంబో రాడార్‌కు తెలియదు. అమెరికా, రష్యాల మధ్య ఖండాంతర క్షిపణికి అరగంట పడుతుంది. సరిహద్దు పంచుకునే మనకు ఆలోచించుకునే వ్యవధి కొన్ని నిమిషాలే. అందుకే 2005 అక్టోబర్ 3న ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. పరీక్ష జరగబోయే ఐదు రోజుల గడువును, అది మొదలవడానికి కనీసం మూడు రోజుల ముందు తెలపాలి. ప్రయోగించే చోటు సరిహద్దుకు, నియంత్రణ రేఖకు 40 కిలోమీటర్ల లోపల ఉండకూడదు. పడే చోటు 70 కిలోమీటర్ల లోపల ఉండకూడదు.

లోటు ఒక్కటే, కానీ పెద్దది: ఇది బాలిస్టిక్ క్షిపణులకే (పైకి లేచి వంపు తిరిగి కిందపడేవి), క్రూయిజ్ క్షిపణులకు (విమానంలా గాల్లో ఎగురుతూ పోయేవి) కాదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి పొరపాటున ప్రయోగమై పాకిస్తాన్‌లోని మియా చన్నూ దగ్గర పడింది. అందులో వార్‌హెడ్ (పేలుడు సామగ్రి ఉండే భాగం) లేదు, ప్రాణనష్టం జరగలేదు. పాక్ సైన్యం మర్నాడు బయటపెట్టింది. మన ప్రభుత్వం 11న ఒప్పుకుంది. నిర్దేశిత పద్ధతులు పాటించలేదని తేల్చి ఆ ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించారు. సైనిక కార్యకలాపాల అధిపతుల మధ్య హాట్‌లైన్ ఉంది. అలాంటి పొరపాటు జరిగిన నిమిషాల్లోనే దాన్ని ఎత్తాలి, రెండు రోజుల తరవాతి పత్రికా ప్రకటన సరిపోదు. క్రూయిజ్ క్షిపణులను ఒప్పందంలో చేర్చడం రెండు దేశాలూ వెంటనే చేయదగ్గ పని.

ప్రశ్న: ఏటా జనవరి 1న భారత్, పాకిస్తాన్ ఇచ్చిపుచ్చుకునే అణు కేంద్రాల జాబితాలో ఏముంటుంది? (ఒక పాఠకురాలు, నల్గొండ)

జవాబు: రియాక్టర్లు, ఇంధన కర్మాగారాలు, యురేనియం శుద్ధి కేంద్రాల వంటివి ఎక్కడున్నాయో అక్షాంశ రేఖాంశాలతో సహా. వాటి మీద దాడి చేయబోమని 1988 డిసెంబర్ 31న సంతకాలు జరిగాయి. 1992లో మొదలైన ఇచ్చిపుచ్చుకోవడం కార్గిల్, బాలాకోట్ ఏళ్లలోనూ ఆగలేదు. 2025 జనవరిలో జరిగింది 34వది. జాబితాలను ప్రజలకు చూపరు. అదే రోజు ఖైదీల, మత్స్యకారుల జాబితాలూ మార్చుకుంటారు. 2018లో పట్టుబడి 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల వంటివారి పేర్లు ఉండేది ఆ రెండో జాబితాలోనే.