స్మాల్‌విల్ పది సీజన్లూ మళ్ళీ చూడాలంటే: ఏవి దాటేయొచ్చు, ఏం రాసుకోవాలి?

ప్రశ్న: స్మాల్‌విల్ చాలా ఏళ్ళ కిందట ఒకసారి పూర్తిగా చూశాను. ఇప్పుడు మొదటి ఎపిసోడ్ నుంచి ఒక్కొక్కటిగా మళ్ళీ చూడాలని ఉంది. 217 ఎపిసోడ్లు అనేసరికి భయం వేస్తోంది. ఏవైనా వదిలేయొచ్చా? మధ్యలో విసుగు రాకుండా ఎలా చూడాలి?

జవాబు:

ముందు లెక్క తేల్చుకోండి. సూపర్‌మ్యాన్ కాకముందు క్లార్క్ కెంట్ కథ చెప్పే ఈ అమెరికన్ సీరియల్ 2001 అక్టోబరు 16న మొదలై 2011 మే 13న ముగిసింది. ప్రకటనలు తీసేస్తే ఒక్కో ఎపిసోడ్ సుమారు 42 నిమిషాలు, మొత్తం కలిపి 150 గంటల పైమాటే. రోజుకొకటి చూస్తే ఏడు నెలలు దాటుతుంది. వారానికి మూడైతే ఏడాది మీద నాలుగైదు నెలలు. వారానికి నాలుగైదు మంచి మోతాదు. ఒకే రాత్రి అయిదారు లాగించేస్తే మొదటి సీజన్ సగానికే మొహం మొత్తుతుంది.

ఎందుకంటే ఇది వారానికొకటి చూసేవాళ్ళ కోసం రాసిన కథ. ఉల్కరాళ్ళ వల్ల వింత శక్తి వచ్చిన మనిషొకడు, క్లార్క్ స్నేహితురాళ్ళు లానాకో క్లోయికో ప్రాణాపాయం, క్లార్క్ పరుగు, చివర్లో గడ్డి కొట్టం అటక మీద రెండు మాటలు. సరిగ్గా క్లార్క్ తన శక్తి వాడే క్షణానికి పక్కనున్నవాళ్ళ తలకి దెబ్బ తగిలి సొమ్మసిల్లిపోతారు. వారం ఎడం ఉంటే ఇది కంటికి ఆనదు. వరసపెట్టి చూస్తే నవ్వొస్తుంది, ఆ తర్వాత చిరాకొస్తుంది.

ఇక నంబర్ల తికమక. కొన్ని జాబితాల్లో 217, కొన్నింట్లో 218 ఉంటాయి. తొమ్మిదో సీజన్‌లో 'అబ్సల్యూట్ జస్టిస్' 2010 ఫిబ్రవరి 5న రెండు గంటల ఎపిసోడ్‌గా వచ్చింది. దాన్ని రెండుగా విడగొట్టిన చోట అక్కడి నుంచి చివరిదాకా అంకెలన్నీ ఒకటి జరుగుతాయి. పదో సీజన్‌లో నాలుగోదైన 'హోమ్‌కమింగ్'ను 200వ ఎపిసోడ్‌గా జరుపుకున్నారు కదా, ఆ రెండు గంటల్ని రెండుగా లెక్కేస్తేనే ఆ అంకె కుదురుతుంది. అందుకని ఎక్కడిదాకా చూశారో అంకెతో కాకుండా పేరుతో గుర్తుపెట్టుకోండి. దాదాపు అన్నీ ఒక్క మాట పేర్లే కాబట్టి కష్టమేమీ కాదు. ఏడో సీజన్‌లో ఇరవయ్యే కనిపిస్తే ఏవో పోయాయని వెతకొద్దు. రచయితల సమ్మె వల్ల ఆ ఏడాది అన్నే వచ్చాయి.

ముగింపు తెలిసి చూసేటప్పుడు 'తర్వాత ఏమవుతుంది' అన్న ఉత్కంఠ ఉండదు. దాని బదులు ఎవరు ఎవరికి అబద్ధం చెబుతున్నారో లెక్క పెట్టుకుంటూ చూడటమే సరైన పద్ధతి. ఒక నోటుపుస్తకంలో పేజీకి నాలుగు గడులు గీయండి. ఒకదాంట్లో ఎపిసోడ్ పేరు, రెండోదాంట్లో క్లార్క్‌కి కొత్తగా వచ్చిన శక్తి, మూడోదాంట్లో క్లార్క్ శక్తుల రహస్యం కొత్తగా తెలిసినవాళ్ళ పేరు, నాలుగోదాంట్లో క్లార్క్, అతని స్నేహితుడిగా మొదలై శత్రువయ్యే లెక్స్ ఆ ఎపిసోడ్‌లో ఒకరికొకరు చెప్పుకున్న అబద్ధం.

రెండో గడి చాలా ఎపిసోడ్లకి ఖాళీగానే ఉంటుంది. వేగం, బలం మొదటి ఎపిసోడ్ 'పైలట్' నాటికే ఉన్నాయి. గోడల అవతలికి చూడటం 'ఎక్స్‌రే'లో, కళ్ళ మంట 'హీట్'లో, దూరపు చప్పుడు వినడం మూడో సీజన్ 'విస్పర్'లో, ఊపిరితో ఊదేయడం ఆరో సీజన్ 'స్నీజ్'లో. ఎగరడం మాత్రం చివరిదాకా దాచారు. సూపర్‌మ్యాన్ దుస్తులూ ఎగరడాలూ ఉండవన్నది మొదట్లోనే పెట్టుకున్న నియమం. నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ 'క్రూసేడ్'లో ఎగురుతాడు కానీ, అప్పుడతను క్లార్క్‌గా కాదు, పుట్టిన గ్రహంలో తనకున్న పేరు కాల్-ఎల్‌గా ఉన్నాడు. ఉల్కరాళ్ళ రంగులు కూడా ఇదే గడిలో వేసుకోండి. ఆకుపచ్చది నీరసం తెస్తుంది, ఎర్రది అదుపు తప్పిస్తుంది ('రెడ్', రెండో సీజన్), నల్లది మనిషిని రెండుగా చీలుస్తుంది, నీలిది ఒంటి మీద ఉన్నంతసేపూ శక్తులు లాగేస్తుంది.

మూడో గడి తప్పులు దొర్లే చోటు. క్లార్క్ స్నేహితుడు పీట్‌కి తెలిసేది రెండో సీజన్ 'డూప్లిసిటీ'లో. క్లోయికి తెలిసేది నాలుగో సీజన్ 'పరయా'లో, కానీ ఆమెకి తెలుసన్న సంగతి క్లార్క్‌కి తెలిసేది అయిదో సీజన్ 'అరైవల్'లో. ఈ రెంటి మధ్య వచ్చే ఎపిసోడ్లలో ఆమె ముఖాన్ని గమనిస్తే మొదటిసారి పట్టించుకోని సన్నివేశాలు కొత్తగా ఉంటాయి. లానాకి 'రెకనింగ్'లో క్లార్కే చెబుతాడు, కాలం వెనక్కి తిరగడంతో అది చెరిగిపోతుంది. ఆమెకి నిజంగా తెలిసేది ఆరో సీజన్ 'ప్రామిస్'లో, అదీ లెక్స్‌తో పెళ్ళిరోజున. లెక్స్‌కి మూడో సీజన్ 'షాటర్డ్'లోనే తెలుస్తుంది, 'అసైలమ్'లో ఆ జ్ఞాపకం చెరిపేస్తారు. మళ్ళీ తెలిసేది ఏడో సీజన్ చివరి ఎపిసోడ్ 'ఆర్కిటిక్'లో. అందుకే ఆ పేరు ఒకసారి రాసి, కొట్టేసి, మళ్ళీ రాయాలి.

అసలు పంట నాలుగో గడిది. పైలట్‌లో లెక్స్ కారు వంతెన మీద క్లార్క్‌ని గుద్ది నదిలో పడుతుంది. నువ్వు నన్ను గుద్దలేదని క్లార్క్ అన్నదే వీళ్ళ స్నేహంలో మొదటి అబద్ధం. ఆ కారు సంగతేమిటో ఆరా తీయించడం ఆపకపోవడం లెక్స్ వైపు అబద్ధం. 'టెంపెస్ట్'లో తండ్రి దూలం కింద నలుగుతుంటే లెక్స్ చెయ్యి అందించకుండా నిలబడిపోతాడు. వెంటనే 'వోర్టెక్స్'లో క్లార్క్‌ని పెంచిన తండ్రి జోనథన్‌ని కాపాడటానికి మనిషిని కాలుస్తాడు. ఒకే వ్యక్తి, రెండు ఎపిసోడ్లు. ఈ రెంటినీ విడదీయకుండా ఒకే రోజు చూడాలి. 'మెమోరియా'లో చనిపోయిన తమ్ముడి కథ, 'కవనెంట్'లో క్లార్క్ గురించి సేకరించిన సరంజామాతో నిండిన గది, 'లెక్స్‌మస్'లో డబ్బూ అధికారమూ ఉంటేనే దేన్నైనా నిలుపుకోగలనన్న నిర్ణయం, 'డిసెంట్'లో తండ్రి హత్య. ఏ సీజన్‌లో ఎంత దాటేసినా వీటిని దాటేయొద్దు.

చాలామంది చేసే పొరపాటు విడి కథలా కనిపించిందల్లా తీసేయడం. 'అవర్‌గ్లాస్' చూడటానికి ముసలావిడ భవిష్యత్తు చూసే చిన్న కథ. కానీ తెల్ల సూటు మీద నెత్తుటి వాన పడే లెక్స్ దృశ్యం అక్కడే ఉంది. జోనథన్ మరణం కూడా ఇలాంటిదే. దాని వేరు మూడో సీజన్ 'ఎగ్జైల్'లో ఉంది. కొడుకుని వెనక్కి తెచ్చుకోవడానికి క్లార్క్ కన్నతండ్రి జోర్-ఎల్ దగ్గర శక్తి తీసుకుంటాడు, 'హియరాఫ్టర్'లో గుండెపోటు వస్తుంది, అయిదో సీజన్ 'రెకనింగ్'లో పోతాడు. సరిగ్గా నూరో ఎపిసోడ్ అది. మధ్యలో ఒకటి వదిలేస్తే ఆ చావు హఠాత్తుగా జరిగినట్టు అనిపిస్తుంది.

నిశ్చింతగా వదిలేయదగ్గవీ ఉన్నాయి. మొదటి సీజన్‌లో 'క్రేవింగ్', నాలుగులో 'ఏజ్‌లెస్', అయిదులో రక్తపిశాచాల 'థర్స్ట్', ఆరులో 'కాంబాట్', ఎనిమిదిలో 'ఇన్‌స్టింక్ట్'. నాలుగో సీజన్‌లో మంత్రగత్తెల గొడవ నా దృష్టిలో ఈ సీరియల్‌కే బరువు. అయినా క్లార్క్ పుట్టిన గ్రహపు జ్ఞానం దాచిన మూడు రాళ్ళ వేట ఆ దారిలోనే సాగుతుంది కాబట్టి 'స్పెల్' ఒక్కటి చూసి, మిగతా చోట్ల ఆ భాగాలు జరిపేయండి. ఏడో సీజన్ 'హీరో' మాత్రం కథ కోసం కాదు, ఒక చూయింగ్ గమ్ ప్రకటనని ఎపిసోడ్ లోపలికి ఎలా దూర్చారో చూడటానికి చూడొచ్చు.

సీజన్ చివరి ఎపిసోడ్‌నీ తర్వాతి సీజన్ మొదటిదాన్నీ ఒకే వారంలో పెట్టుకోండి. 'ఎక్సడస్' వెంట 'ఎగ్జైల్', 'కమెన్స్‌మెంట్' వెంట 'అరైవల్', 'వెసెల్' వెంట 'జోడ్'. విరామం తీసుకోవాలనుకుంటే సీజన్ మధ్యలో తీసుకోండి.

ఒక్క చోట మాత్రం దీనికి తిరకాసు. 'ఆర్కిటిక్' తర్వాత తప్పకుండా రెండు వారాలు ఆగండి. సృష్టికర్తలు ఆల్ఫ్రెడ్ గాఫ్, మైల్స్ మిల్లర్ అక్కడితో తప్పుకున్నారు. లెక్స్‌గా వేసిన మైకేల్ రోజెన్‌బామ్ కూడా వెళ్ళిపోయాడు. ఎనిమిది నుంచి కథ మెట్రోపొలిస్ నగరానికీ డైలీ ప్లానెట్ పత్రికకీ మారుతుంది. పాత సీరియల్ కోసం వెతుక్కుంటూ చూస్తే ప్రతి ఎపిసోడ్‌లో నిరాశే, వేరే సీరియల్ అనుకుని మొదలుపెడితే 'బ్రైడ్', 'లీజియన్' బాగా పండుతాయి. ఇక్కడి నుంచి నాలుగో గడిలో లెక్స్ స్థానంలో క్లార్క్ తోటి విలేకరి లోయిస్ పేరు రాసుకోండి. తొమ్మిదో సీజన్ చివర 'సాల్వేషన్'లో ఆమెకి తెలిసిపోతుంది, పదో సీజన్ 'ఐసిస్'లో క్లార్క్ తానే చెబుతాడు.

నటీనటుల విషయంలో ఒక చిన్న సరదా. క్లార్క్‌ని పెంచిన తల్లి మార్తాగా వేసిన ఆనెట్ ఓటూల్ 1983 నాటి సూపర్‌మ్యాన్ 3లో లానా. జోర్-ఎల్ గొంతు ఇచ్చిన టెరెన్స్ స్టాంప్ పాత సినిమాల్లో విలన్ జోడ్. రెండో సీజన్ 'రొజెట్టా'లో డాక్టర్ స్వాన్‌గా కనిపించేది ఆ పాత సినిమాల్లో సూపర్‌మ్యాన్‌గా వేసిన క్రిస్టఫర్ రీవ్. ఆ ఎపిసోడ్‌ని ఫోన్ పక్కన పెట్టి చూడండి.

క్లార్క్‌గా వేసిన టామ్ వెలింగ్, రోజెన్‌బామ్ కలిసి 2022 నుంచి 'టాక్‌విల్' అనే పాడ్‌కాస్ట్‌లో ఒక్కో ఎపిసోడ్ చూసి మాట్లాడుకుంటున్నారు. తోడుకి బాగుంటుంది. ఎపిసోడ్ చూసి, గడులు నింపాకే వినండి. ముందు వింటే మీ కన్ను వాళ్ళ మాటల వెంట పోతుంది.

ఫినాలేకి, అంటే ఆఖరి ఎపిసోడ్‌కి, ముందురోజు పైలట్‌లో వంతెన సన్నివేశం ఒక్కటి మళ్ళీ చూడండి. తర్వాత ఫినాలే రెండు భాగాలూ ఒకేసారి. లెక్స్ తిరిగొస్తాడు, క్లార్క్‌తో మాట్లాడతాడు, ఆ పైన అతని సవతి చెల్లెలు టెస్ చేసిన పనికి అతని జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మూడో గడిలో 'ఆర్కిటిక్' దగ్గర రాసుకున్న పేరుని మరోసారి కొట్టేయడానికి పెన్ను దగ్గర ఉంచుకోండి.